ఎండలో చూడకుండా కొన్న కెమెరా

మా పెద్దనాయన చనిపోయాడు. పోయిన నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. కర్నూలు నుంచి ఆయన పెద్దకొడుకు, అంటే మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను బద్వేలులో మా కాలేజీ స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "నాయన పోయినాడు పాపా. బయల్దేరి రా," అన్నాడు, అంతే. నాకు వెంటనే ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్ది, మార్కులు కూడి, పైన వేసి, అప్పుడు లేచాను. అలా ఎందుకు చేశానో నాకే తెలియదు.

బద్వేలు నుంచి కర్నూలు పోయేటప్పుడు నంద్యాల దాటాక ఓర్వకల్లు రాళ్లు వస్తాయి. చూడనివాళ్లకు చెప్పాలంటే, ఇళ్లంత పెద్ద గుండ్లు, ఒకదాని నెత్తిన ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టుంటాయి. మా పెద్దనాయన ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం పోయి ఆ రాళ్లకు ఫోటోలు తీశాడు. నాకు ఫోటో తీయడం నేర్పింది కూడా వాటి మధ్యనే. ఆ రోజు బస్సు అక్కడికి వచ్చేసరికి నేను తల దించుకుని, చేతిలోని టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి చెప్పడానికి నా దగ్గర ఉన్నదంతా మంచే. చెడ్డ చెప్పాల్సింది నా గురించి. ఆయన బతికుండగా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పెద్దనాయనది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, గొళ్లేలు, తాళాలు, గొలుసులు, బావి గిలకలు. నలభై ఏళ్లు ఆ అంగట్లో కూర్చుని ఆయన చేతివేళ్లకు తుప్పు రంగు పట్టింది. ఎంత రుద్దినా పోయేది కాదు. అలాంటి మనిషికి అరవై దగ్గర పడ్డాక ఫోటోల పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఎవరో బంధువుల పెళ్లికి పోయి, అక్కడ డిజిటల్ కెమెరా చూసి, ఫిల్ము లేకుండా బొమ్మ వస్తుందంటే నమ్మక, పెళ్లి వదిలేసి రెండు రోజులు ఆ కెమెరా అబ్బాయి వెంటే తిరిగాడట. తిరిగొచ్చేటప్పుడు ఒకటి కొనుక్కునే వచ్చాడు. అప్పటికి కర్నూలులో అలాంటివి పట్టుమని పది ఉండేవేమో.

ఇంట్లో ఎగతాళి మొదలైంది. "ఒక మనిషికి తీయడు, మానుకు తీయడు. ఆ గుండ్లకు ఫోటోలు దీసి ఏం జేసుకుంటాడో అడుగు పాపా మీ పెద్దనాయన్ని," అనేది పెద్దమ్మ. ఆయన నవ్వేవాడు. "మనుషులైతే బాగొచ్చిందా లేదా అని గొణుగుతారు. రాయి గమ్మునుంటాది," అనేవాడు.

ఆ పాత కెమెరా గురించి చెప్పాలి. ఇటుకరాయంత లావు. నాలుగు మెగాపిక్సెల్స్. వెనక తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. బటన్ నొక్కితే కాసేపు ఆలోచించుకుని గానీ ఫోటో తీసేది కాదు. పెన్సిల్ సెల్లు నాలుగు వేయాలి. కానీ దానికి కన్ను ఆనించి చూసే చిన్న గాజు కిటికీ ఉండేది. ఆ కిటికీ పక్కనే గోరంత చక్రం. దాన్ని తిప్పుకుంటే ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్లకు బొమ్మ తేటగా కనిపించేది. పెద్దనాయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను దానికి ఆనించి, ఊపిరి బిగబట్టేవాడు. నడినెత్తిన ఎండ మండుతున్నా ఆ కిటికీలో అంతా చల్లగా, స్పష్టంగా కనిపించేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. పొద్దునే పోయి ఒక గుండు ఎదురుగా తుండుగుడ్డ పరుచుకుని కూర్చునేవాళ్లం. నాకు తొందర. అదిగో, ఇప్పుడు తీయి అని సతాయించేదాన్ని. "రాయి యాడికీ పోదు పాపా. నీడ రానీ," అనేవాడు. ఆదివారానికి పన్నెండు ఫోటోలే తీసేవాడు. పదమూడోది తీయమన్నా తీసేవాడు కాదు. ప్రతి ఫోటో మూలనా నారింజ రంగులో తేదీ పడేటట్టు పెట్టుకున్నాడు. అది బొమ్మను పాడుచేస్తుందని నేను గొడవపడితే, "ధర రాయని సరుకు, తేదీ లేని ఫోటో, రెండూ కొట్లాటకే," అని తేల్చేశాడు.

నాకు బద్వేలులో ఉద్యోగం వచ్చాక ఆ కెమెరా మీద మనసు పడింది. మనసు పడిందంటే మామూలుగా కాదు. నా జీతానికి అందే కెమెరాలన్నీ సబ్బుబిళ్లల్లా పలచగా, అన్నీ వాటంతట అవే చేసుకునేవి. పెద్దవి కొనే తాహతు నాకు లేదు. ఆ పాతదాంట్లో వెలుతురు ఎంత రానివ్వాలో, ఎంతసేపు రానివ్వాలో మనమే తిప్పి పెట్టుకోవచ్చు. మన ఎర్రమట్టి, ఎండుగడ్డి, రాతి గోధుమరంగు దాంట్లో పడినట్టు ఈ కొత్తవాటిల్లో పడవు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే ఆయన దగ్గరికి పోయి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పాను.

"నాలుగు మెగాపిక్సెల్స్ ఏం చాలుతాయి పెద్దనాయనా? ఇప్పుడన్నీ పదే. తెర చూడు, అరచేయంత ఉంటుంది. కళ్లకు శ్రమ ఉండదు. దీనికి సెల్లు కొనీ కొనీ అలిసిపోతున్నావు గదా," అన్నాను.

"ఇది బాగనే ఉండాది గదా పాపా?"

"పాతబడిపోయింది పెద్దనాయనా. రేపు చెడిపోతే బాగుచేసేవాళ్లు కూడా దొరకరు."

మూడు నెలలు పోరాను. పోయినప్పుడల్లా అదే మాట. చివరికి సరేనన్నాడు. ఇద్దరం కర్నూలులోనే ఒక కెమెరాల షాపుకు పోయాం. లోపల ట్యూబులైట్లు, ఏసీ. కౌంటరు అబ్బాయి కొత్త కెమెరా ఆన్ చేసి తెర చూపించాడు. ఆ లోపలి వెలుతురులో అది పటం కట్టించినట్టు మెరిసిపోయింది. పెద్దనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో కన్ను పెట్టేది యాడప్పా?" అని అడిగాడు.

"అవన్నీ పాతకాలం సార్. ఇంత తెర ఉండాది గదా, టీవీ మాదిరి చూసుకుంటా తీసుకోవచ్చు," అన్నాడు ఆ అబ్బాయి.

పెద్దనాయన కెమెరా పట్టుకుని లేచాడు. ఇక్కడ మీకో మాట చెప్పాలి. ఆయన జన్మలో ఏ వస్తువూ అంగడి లోపల చూసి కొనలేదు. గుడ్డైనా గొళ్లెమైనా వీధిలోకి తీసుకుపోయి, ఎండలో తిప్పి చూసేవాడు. తన అంగడికి వచ్చినవాళ్లకు కూడా అలాగే చెప్పేవాడు: "బయటికి తీస్కపోయి చూడప్పా. ఎలుతురులో నచ్చితేనే కొను." అది ఆయన వ్యాపార ధర్మం. ఆ రోజు కూడా వీధివైపు అడుగు వేశాడు.

"బయటికి ఇయ్యం సార్," అన్నాడు కౌంటరు అబ్బాయి.

"ఊరికే వాకిట్లోకప్పా. ఎండలో రొంత చూసి ఇస్తా."

అప్పుడు నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "పెద్దనాయనా, పరువు తీయకు. ఇదేమన్నా గుడ్డల అంగడా? కూర్చో," అన్నాను.

నాకు తెలుసు. కాలేజీ పిల్లలతో టూరుకు పోయినప్పుడు మా సహోద్యోగి దగ్గర అలాంటి కెమెరానే ఉంటే పట్టుకుని చూశాను. ఎండలో ఆ తెర నల్లటి పలక. ఏమీ కనిపించదు. ఆ తలుపు దాటి రెండడుగులు వేస్తే పెద్దనాయనకు కూడా తెలిసిపోయేది. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు. కెమెరా ప్యాక్ చేయించుకున్నాం.

ఇంటికి వచ్చాక పాత కెమెరాను పెద్దమ్మ పాతచీర ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "తీస్కో పాపా. నీ కన్ను దీని మింద పడి శానా దినాలైంది గదా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. నలభై ఏళ్లు బేరాలు చేసినవాడికి ఎదుటి మనిషి చూపు ఏ వస్తువు మీద ఉందో తెలియకుండా ఉంటుందా? నేను సిగ్గుపడాల్సింది. సంతోషపడ్డాను.

ఆ వచ్చే ఆదివారం ఇద్దరం ఓర్వకల్లు పోయాం. పది గంటలకే ఎండ చురుక్కుమంటోంది. పెద్దనాయన కొత్త కెమెరా చాచిపట్టుకున్నాడు. కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. ఎండకు వీపు పెట్టి నిలబడ్డాడు. తుండుగుడ్డ నెత్తిన ముసుగేసుకుని, కెమెరాను దాంట్లోకి లాక్కుని వంగాడు. ఎంతకీ బటన్ నొక్కడే.

"ఏమైంది పెద్దనాయనా?"

"నా మొగమే కనపడతాండాది పాపా దీంట్లో," అన్నాడు.

నేను పకపకా నవ్వాను. "అలవాటవుతుందిలే," అన్నాను. అని, నా చేతిలోని పాత కెమెరా కిటికీకి కన్ను ఆనించి, ఆ పక్కనున్న చక్రాన్ని నా చూపుకు సరిపోయేటట్టు తిప్పుకున్నాను. అంతకుముందు అది ఆయన కంటికి కుదిరించి ఉంది.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి పోవడం తగ్గింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా, "పోతాండావా ఓర్వకల్లు?" అని అడిగేదాన్ని, ఆయన యాసలోనే. "పోకుండా ఎట్లుంటా? పోతానే ఉండా," అనేవాడు. ఫోటోలు చూపించమంటే, "ఇంగా కడిగియ్యలే," అనేవాడు. డిజిటల్‌లో కడిగేదేముంది? ఆ మాట కూడా నాకప్పుడు తట్టలేదు. తట్టినా పట్టించుకునేదాన్ని కాదేమో.

పోయిన ఏడు వానలు బాగా పడ్డాయి. అప్పుడొక గురువారం ఆయనే ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన ఫోన్ చేయడం అరుదు.

"పాపా, గుండ్ల నడుమ నీళ్లు నిలిచినాయంట. బస్సోళ్లు చెప్తాండారు. ఆ పాతది ఒక్క ఆదివారానికి ఇస్తావా? మళ్లా సోమవారం నేనే బస్సుకేసి పంపిస్తా."

"నీదానికేమైంది?"

"దానికేం కాలే. బంగారమట్ల ఉండాది. ఊరికే, అలవాటైన చెయ్యి గదా."

ఆ ఆదివారం నేను మా కాలేజీవాళ్లతో బద్వేలు దగ్గర కొండకు పోవాలనుకున్నాను. ఫోటోలు తీస్తానని అందరికీ చెప్పుకున్నాను. ఆ సంగతే ఆయనకు చెప్పి ఉంటే, "అట్లైతే పైవారం చూద్దాంలే," అనేవాడు. కానీ చెబితే ఆ పైవారమైనా ఇవ్వాలి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఇదీ నా లెక్క. "అయ్యో పెద్దనాయనా, అది రిపేరుకిచ్చాను. హైదరాబాదు పంపించారు," అన్నాను.

"అట్లనా. సరే పాపా. బాగై వస్తే చాలు," అన్నాడు.

ఆ ఆదివారం కొండ మీద నేను తీసిన ఫోటోలు నిజంగానే బాగా వచ్చాయి. వాన కడిగిన రాళ్లు, గుంటల్లో ఆకాశం. ప్రింట్లు వేయించి, ఆల్బంలో పెట్టుకుని, నెల తర్వాత కర్నూలు పోయినప్పుడు గొప్పగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పాడు. ఒక ఫోటో దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. తుప్పురంగు వేలు ఫోటో కింది మూలకు వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగింది.

"నీళ్లల్లో రాయి నీడ శానా బాగ పడినాది. తొందరపడకుండా తీసినావు," అన్నాడు. ఆల్బం మూసి ఇచ్చి, "అన్నం తిని పో," అన్నాడు.

తిరుగు బస్సులో ఆల్బం తెరిచి చూసుకున్నప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. కెమెరాలో ఆయన పెట్టుకున్న తేదీని నేను తీసేయలేదు. ప్రతి ఫోటో మూలనా ఆ ఆదివారం తేదీ నారింజ రంగులో నవ్వుతోంది. ఆ ఆదివారం కెమెరా హైదరాబాదులో ఉందని ఆయనకు చెప్పింది నేనే. తేలు కుట్టిన దొంగలా బద్వేలుదాకా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఫోన్ చేసి ఒప్పుకుందామని చాలాసార్లు అనుకున్నాను. పండగకు పోయినప్పుడు చెబుదామనుకున్నాను. పోయాను కూడా. అందరూ ఉన్నారని చెప్పలేదు. ఇంకోసారి ఆయన ఒక్కడే దొరికాడు. అప్పుడూ కాలేజీ కబుర్లు చెప్పి వచ్చేశాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే, "ఎట్లుండాది పాపా నీ కెమెరా?" అని అడిగాడు. నీ కెమెరా అన్నాడు.

తప్పు చేసినవాళ్లను తిట్టేవాళ్లుంటారు, క్షమించేవాళ్లుంటారు. మా పెద్దనాయన రెండూ చేయలేదు. తెలిసినట్టే కనబడలేదు. అదే నాకు ఇప్పుడు మింగుడుపడటం లేదు. ఒక్కసారి ముఖం మీద అడిగి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్ని. ఆయన మీద నాకు కోపంగా కూడా ఉంది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని మీరు అనొచ్చు. ఉంది, ఏం చేయను?

పదకొండో రోజు బంధువులంతా వచ్చారు. భోజనాల దగ్గర మా అన్న నన్ను చూపించి అందరికీ చెప్పాడు. "నాయనకు ఆఖరి రోజుల్లో సంతోషమంటే ఆ కెమెరానే. మేము కొడుకులమై ఉండీ చేయలేదు. పాప దగ్గరుండి మంచిది కొనిపిచ్చింది." ఎవరో ముసలాయన నా తల మీద చేయి వేసి, "సొంత కూతురైనా ఇంత చూసుకోదమ్మా," అన్నాడు. నేను ఆకులో వడ్డించిన పప్పు కలుపుకుంటూ తల ఊపాను.

అందరూ వెళ్లిపోయాక పెద్దమ్మ బీరువాలోంచి ఆ కొత్త కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. గీత పడకుండా, దుమ్ము లేకుండా, కొన్ననాటిలా ఉంది.

"నువ్వు కొనిపిచ్చిందే పాపా, నువ్వే పెట్టుకో. ఇది వచ్చినకాడి నుంచి ఆదివారమైతే మనిషి ఇంట్లో నిలిస్తే ఒట్టు. సద్ది గట్టిచ్చుకొని ఓర్వకల్లు పోతాండె. పొద్దు మునిగినాక వస్తాండె. ఎండలో వద్దు సామీ అంటే యాడ ఇంటాడు?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నేను గదిలో మంచం అంచున కూర్చుని కెమెరా ఆన్ చేశాను. మొదట్లో కొన్ని ఓర్వకల్లువే. తలలు తెగిన గుండ్లు. ఒక మూల కాస్త రాయి, మిగతా అంతా ఆకాశం. కొన్నింట్లో ఆయన వేలు అడ్డొచ్చింది. చూడకుండా, అంచనాకు తీసినవి. అలా మూడు ఆదివారాలు. ఆ తర్వాత ఒక్క రాయి కూడా లేదు.

అంగడి ఉంది. మేకుల డబ్బాలు, తక్కెడ, గోడకు వేలాడే గొలుసులు, తాళాల పెట్టెలు. అన్నీ లోపలి చీకట్లో, కిందికి దించిన షట్టరు సందులోంచి వచ్చే వెలుతురుకు తీసినవి. ఆ తెర కనిపించేది అలాంటి చోటే మరి. మూలన తేదీలు చూశాను. నమ్మకం కలగక గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి ఒక్కొక్కటే సరిచూశాను. అన్నీ ఆదివారాలు. బజారంతా మూసి ఉండే రోజు. ఓర్వకల్లు పోతున్నానని ఇంట్లో చెప్పి, సద్దిమూట పట్టుకుని బయల్దేరి, పెద్దనాయన తన అంగట్లోకి దూరి పొద్దు మునిగేదాకా కూర్చున్నాడు. దాదాపు రెండేళ్లు. కెమెరా ఎండలో పనికిరాదని ఇంట్లో తెలిస్తే, అది కొనిపించింది ఎవరని అడుగుతారు కదా.

"ఏముండాయి పాపా దాంట్లో? ఆ గుండ్లేనా?" అని వాకిట్లోంచి పెద్దమ్మ అడిగింది.

"గుండ్లే పెద్దమ్మా," అన్నాను.

చివరి ఫోటో, ఆయన పోవడానికి మూడు రోజుల ముందుది, లోపలి నుంచి వాకిలివైపు తీసింది. చుట్టూ కారునలుపు. షట్టరు సగందాకా లేపి ఉంది. దాని కింద వీధి కనిపించాల్సిన చోట వీధి లేదు. ఎండకు కాలిపోయి తెల్లగా మెరిసే ఒట్టి ముక్క. ఆ తెలుపు వచ్చి పడిన నేల మీద సద్దిగుడ్డ విప్పి ఉంది, అన్నం కదిలించలేదు.